రోజుకు 74 సెకన్లు ముందుకు పోతున్న వాచీ: ఒక సర్వీస్ కేసు మొదటి నుంచి చివరిదాకా

ఈ కేసు రాయడానికి కారణం ఒకటే. ఓనర్ చెప్పిన కంప్లయింట్ ఐదు నిమిషాల్లో తీరిపోయింది. అక్కడితో వాచీ చేతికిచ్చి పంపేస్తే ఆయన సంతోషంగా వెళ్లేవారు, నా పని కూడా అయిపోయేది. కానీ లోపల ఆ కంప్లయింట్‌తో ఏ సంబంధమూ లేని ఇంకో జబ్బు ముదురుతోంది, ఇంకో ఏడాది అలాగే వదిలేస్తే మూవ్‌మెంట్‌లో, అంటే వాచీ లోపలి యంత్రంలో, సగం భాగాలు పారేయాల్సి వచ్చేదని నా అంచనా.

ముందు వాచీ సంగతి. స్విస్ ఆటోమేటిక్, స్టీలు కేసు, స్టీలు చెయిన్, మరతో బిగించే క్రౌన్ (కీ ఇచ్చే పక్క గుండీ), వెనక మూత మీద 100 మీటర్లు అని చెక్కి ఉంది. లోపల ఉన్నది ఈటీఏ కంపెనీ 2892-ఏ2 కాలిబర్ (మూవ్‌మెంట్ మోడల్): 3.6 మిల్లీమీటర్ల మందం, 21 జ్యువెల్స్ (ఇరుసులు తిరిగే రాళ్లు), గంటకు 28,800 బీట్స్, ఫుల్‌గా కీ ఇస్తే 42 గంటలు నడుస్తుంది. చాలా ఖరీదైన వాచీల్లో పేరు మార్చుకునో, అలంకారం చేయించుకునో ఇదే కూర్చుని ఉంటుంది, చాలా మంచి మూవ్‌మెంట్. కొని 11 ఏళ్లయింది. ఒక్కసారి కూడా పూర్తి సర్వీస్ జరగలేదు. ఎందుకు చేయించలేదని అడిగితే, "ఎప్పుడూ ఆగలేదు కదండీ" అన్నారు.

ఈ మాట నేను తరచూ వింటాను, విన్న ప్రతిసారీ బాధగానే ఉంటుంది. గంటకు 28,800 అంటే సెకనుకు 8 దెబ్బలు. రోజూ పెట్టుకుంటే 11 ఏళ్లలో అది దాదాపు 277 కోట్లు. ఇన్నిసార్లు కొట్టుకున్నాక కూడా ఆగలేదంటే అది కట్టిన తీరు గొప్పది, అంతే. లోపల నూనె ఉందో ఎండిపోయిందో ఆ ఒక్క మాటతో తెలియదు.

ఆయన కంప్లయింట్ ఇది: మూడు వారాలుగా వాచీ రోజుకు నిమిషం పైన ముందుకు పోతోంది, అంతకుముందు బాగానే నడిచేది. ఇక్కడ నాకు ముఖ్యమైన ముక్క "మూడు వారాలుగా". నూనె ఎండటం వల్ల వచ్చే తేడా నెలల తరబడి మెల్లగా వస్తుంది, ఓనర్ గమనించను కూడా గమనించరు. ఉన్నట్టుండి ఒక రోజు నుంచి వాచీ పరుగెత్తడం మొదలుపెట్టిందంటే నేను మొదట రెండే అనుమానిస్తాను. ఒకటి అయస్కాంతం, రెండోది ఎక్కడో దెబ్బ తగిలి హెయిర్‌స్ప్రింగ్ అనే సన్నటి తీగ చుట్లు ఒకదానికొకటి చిక్కుకోవడం. ఏ దెబ్బా తగల్లేదన్నారు. వాచీ పక్కన మామూలు దిక్సూచి పెట్టి నెమ్మదిగా కదిపితే ముల్లు స్పష్టంగా ఊగింది.

"రాత్రి వాచీ తీసి ఎక్కడ పెడతారు?" అని అడిగాను.

"టాబ్లెట్ మీద సార్. కవర్ మెత్తగా ఉంటుంది కదా, గీతలు పడవని."

ఆ కవర్ మూతలో, అంచు పొడవునా అయస్కాంతాలు ఉంటాయి. గీత పడకూడదని జాగ్రత్తపడి, రోజూ రాత్రి ఎనిమిది గంటలు వాచీని అయస్కాంతం మీద పడుకోబెట్టారన్నమాట. పాపం, ఆయన తప్పేం లేదు, ఇది ఎవరూ చెప్పరు. హ్యాండ్‌బ్యాగ్ బటన్, హెడ్‌ఫోన్, బ్లూటూత్ స్పీకర్, వైర్‌లెస్ చార్జర్, ఫోన్ వెనక అతుక్కునే స్టాండ్, ఇవన్నీ ఇదే కోవలోకి వస్తాయి. దూరం పెరిగేకొద్దీ అయస్కాంత బలం చాలా వేగంగా తగ్గిపోతుంది కాబట్టి జానెడు దూరంలో పెడితే చాలు, కానీ ఆనించి పెడితే మాత్రం పనైపోయినట్టే. హెయిర్‌స్ప్రింగ్ అంటే బ్యాలెన్స్ చక్రాన్ని అటూ ఇటూ ఊపే సన్నటి తీగ చుట్ట. అది అయస్కాంతం పట్టుకుంటే పక్కపక్క చుట్లు అతుక్కుంటాయి, తీగ పొడవు తగ్గినట్టవుతుంది, వాచీ ముందుకు పరుగెడుతుంది. సిలికాన్ హెయిర్‌స్ప్రింగ్ ఉన్న కొత్త వాచీలకు ఈ బాధ దాదాపు లేదు. ఒమేగా మాస్టర్ క్రోనోమీటర్ వాచీలను 15,000 గాస్ అయస్కాంత బలం దగ్గర పరీక్షిస్తారు. ఈ వాచీ ఆ తరానిది కాదు.

టైమ్‌గ్రాఫర్ మీద పెట్టాను. వాచీ టిక్ శబ్దాన్ని మైకుతో విని మూడు అంకెలు చెప్పే మెషిన్ అది: రోజుకు ఎన్ని సెకన్ల తేడా, బ్యాలెన్స్ చక్రం ఎన్ని డిగ్రీలు ఊగుతోంది (దీన్నే యాంప్లిట్యూడ్ అంటాం), అటు ఊపుకీ ఇటు ఊపుకీ మధ్య ఎంత తేడా. చేసేముందు ఈ కాలిబర్‌కి సరిపడా లిఫ్ట్ యాంగిల్ (యాంప్లిట్యూడ్ లెక్కకు మెషిన్‌కి ఇవ్వాల్సిన కోణం) 51 డిగ్రీలకు సెట్ చేసుకోవాలి. మెషిన్‌లో ఉన్నదాన్ని చూసుకోకుండా వదిలేస్తే యాంప్లిట్యూడ్ అంకె తప్పు చెబుతుంది, ఆ తప్పు అంకెను నమ్మి వాచీ బాగుందనుకున్నవాళ్లను చూశాను. రీడింగ్: +74 సెకన్లు.

అయస్కాంతం తీసేసే డీమాగ్నెటైజర్ మీద పెట్టి, బటన్ నొక్కి, నొక్కే ఉంచి వాచీని మెల్లగా చెయ్యి చాచినంత దూరం లాగి అప్పుడు వదిలాను. ఈ "నొక్కే ఉంచి" అన్నది చాలామంది తప్పు చేసే చోటు, దగ్గరగా ఉన్నప్పుడే బటన్ వదిలేస్తే మళ్లీ కొత్తగా అయస్కాంతం ఎక్కించినట్టవుతుంది. మళ్లీ మైకు మీద పెడితే, డయల్ పైకి చూస్తున్నప్పుడు +9.

ఆయన స్క్రీన్ చూసి "అయిపోయింది కదండీ, ఇక చాలు" అన్నారు.

నా కళ్లు మాత్రం పక్క అంకె మీద ఉన్నాయి. ఫుల్‌గా కీ ఇచ్చిన వాచీ, పడుకోబెట్టి చూస్తే యాంప్లిట్యూడ్ 216 డిగ్రీలు. ఈ కాలిబర్ ఆరోగ్యంగా ఉంటే 280కి అటూ ఇటూ, ఇంకా బాగుంటే 300 చూపించాలి. క్రౌన్ కిందికి ఉండేలా నిలబెట్టి చూస్తే 178, రేటు −13. అంటే పడుకుంటే 9 సెకన్లు ముందుకు, నిలబడితే 13 సెకన్లు వెనక్కి, 22 సెకన్ల తేడా. చేతికి పెట్టుకుని తిరిగేటప్పుడు ఈ ప్లస్సులూ మైనస్సులూ కలిసి రోజు చివరికి ఎంతో కొంత సర్దుకుంటాయి, అందుకే ఆయనకు ఇన్నేళ్లూ "బాగానే నడిచింది". గుండె సగం బలంతో కొట్టుకుంటోంది, టైమ్ మాత్రం సరిగ్గా కనిపిస్తోంది.

ఇంకో రెండు విషయాలు చేతికి తగిలాయి. క్రౌన్ విప్పుతుంటే మరలో గరగరమంది, ఇసుక మీద చెప్పు లాగినట్టు. కీ ఇస్తుంటే లోపల రోటర్ (చెయ్యి కదిలితే ఊగి కీ ఇచ్చే బరువు) కూడా తనంతట తాను గిరగిరా తిరుగుతున్న శబ్దం, వేళ్లకు సన్నటి వణుకు. ఆటోమేటిక్ వాచీలో చేత్తో కీ ఇచ్చేటప్పుడు రోటర్ దానితో పాటు తిరగకూడదు. తిరుగుతోందంటే రివర్సర్ చక్రాలు (రోటర్ ఎటు తిరిగినా కీ ఒకే వైపు ఎక్కేలా చేసేవి) జిగురు పట్టి విడిపోవడం లేదని అర్థం. ఆ స్థితిలో ఓనర్ రోజూ కీ ఇస్తూ పోతే పళ్లు అరుగుతాయి.

గరగర వినగానే ఒక ప్రశ్న అడిగాను: "అద్దం లోపలివైపు ఎప్పుడైనా ఆవిరి కనిపించిందా?"

కాస్త ఆలోచించారు. వేడినీళ్ల స్నానం చేసి ఏసీ గదిలోకి వస్తే అద్దం కింద చిన్న మబ్బులాంటిది వచ్చేదట, పది నిమిషాల్లో పోయేదట, పోతోంది కదా అని పట్టించుకోలేదట. మూడేళ్ల కిందట టైమ్ సరిచేయడానికి ఒకచోట వెనక మూత తీశారని కూడా అప్పుడే గుర్తొచ్చింది.

ఇక్కడ నాకు కేసు మారిపోయింది.

నిజమో కాదో తేల్చుకోవడానికి ఒక తేలికైన పరీక్ష ఉంది. వాచీని 40 నుంచి 45 డిగ్రీల వేడి ఉన్న ప్లేటు మీద కాసేపు ఉంచి, అద్దం మీద ఒక చల్లటి నీటి బొట్టు వేసి, నిమిషం తర్వాత తుడిచి చూడాలి. లోపల తేమ ఉంటే బొట్టు ఉన్నచోట అద్దం కింద గుండ్రంగా మబ్బు కడుతుంది. కట్టింది. ఆయనకు లెన్స్ ఇచ్చి చూపించాను, చూసి మాట్లాడలేదు. తర్వాత డ్రై ప్రెజర్ టెస్ట్ పెట్టాను. అందులో నీళ్లుండవు, గాలి పీల్చి, తర్వాత గాలి నొక్కి, కేసు ఎంత వంగుతోంది, వంగి అలాగే నిలబడుతోందా లేదా అని కొలుస్తారు. కారుతున్న కేసులోకి గాలి దూరిపోతుంది కాబట్టి వంపు నిలబడదు. నిలబడలేదు, ఫెయిల్.

100 మీటర్లు అని రాసి ఉన్న వాచీలోకి స్నానపు నీళ్లు ఎలా వెళ్లాయని ఆయన అడిగారు, న్యాయమైన ప్రశ్నే. ఆ 100 మీటర్లు అన్నది కొత్త గ్యాస్కెట్లతో ఫ్యాక్టరీలో 10 బార్ ఒత్తిడికి ఇచ్చిన హామీ. గ్యాస్కెట్ అంటే రబ్బరు రింగు: చెమట, సబ్బు, వేడి తగిలి ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది, నొక్కిన ఆకారంలోనే ఉండిపోతుంది. వేడినీళ్ల స్నానం ఇంకో పని చేస్తుంది. కేసులోని గాలి వేడెక్కి వ్యాకోచించి సందులోంచి బయటికి పోతుంది, చల్లగాలిలోకి రాగానే లోపల ఒత్తిడి తగ్గి బయటి తేమను లోపలికి లాక్కుంటుంది. అంటే రోజుకొకసారి వాచీ ఊపిరి పీల్చినట్టు. పైగా సబ్బు కలిసిన నీళ్లు మామూలు నీళ్లు దూరలేని సందుల్లోకి కూడా దూరతాయి. నీళ్లలో దూకిన వాచీల కన్నా రోజూ వేడినీళ్ల స్నానం చేసిన వాచీలే నా బల్ల మీదికి ఎక్కువ వచ్చాయి.

ఆయన ఒప్పుకున్నారు, మూత తీశాను.

వెనక మూత రబ్బరు రింగు గుండ్రంగా ఉండాల్సింది, రిబ్బన్‌లా చదునైపోయింది. దాన్ని చిమటాతో తీసి లెన్స్ కింద తిప్పుతుంటే ఒకచోట అర మిల్లీమీటరు మేర నలిగి తెగినట్టు కనిపించింది, ఆ తెగిన చోట నల్లటి మురికి గీత. మూడేళ్ల కిందట మూత తీసినప్పుడు పాత రింగునే తిరిగి వేశారు, అది గాడిలో సరిగ్గా కూర్చోకముందే మూత బిగించారు, మూత అంచు దాన్ని కొరికేసింది. రింగుకు సిలికాన్ గ్రీజు రాసిన ఆనవాలు కూడా లేదు. వాచీ మొత్తం మీద అన్నిటికన్నా చవకైన భాగం ఇది. మూత తీస్తే రింగు మార్చి తీరాలి, దీనికి మినహాయింపు ఉందని నేను ఒప్పుకోను. మూత తీయించుకున్న ప్రతిసారీ "రింగు మార్చారా, ప్రెజర్ టెస్ట్ చేశారా" అని అడగడం ఓనర్ హక్కు.

డయల్, ముళ్లు తీశాక కీలెస్ వర్క్స్ బయటపడ్డాయి, అంటే క్రౌన్‌ను లాగితే డేటూ టైమూ మార్చే ఏర్పాటు. స్టెమ్ (క్రౌన్ కాడ) చదరపు భాగం మీద, సెట్టింగ్ లివర్ అంచున, యోక్ మీద నారింజ రంగు తుప్పు. అంత పెద్దది కాదు, కంటితో చూస్తే రంగు మారినట్టుంది అంతే. కానీ తుప్పు ఉన్నచోటే ఆగితే నాకింత టెన్షన్ ఉండేది కాదు. బంగారం మెరుగుపెట్టడానికి వాడే ఎర్రటి రూజ్ పొడి ఉంది చూశారా, అది ఐరన్ ఆక్సైడే. తుప్పు పొడి కూడా రసాయనపరంగా అదే సరుకు. అది రాలి, ఎండిపోయిన నూనె జిగురులో కలిసి, పివట్ (చక్రం ఇరుసు కొన) దగ్గర చేరితే లోహాన్ని నెమ్మదిగా సానపడుతూనే ఉంటుంది. మూడో చక్రం పివట్‌ను లెన్స్ కింద వెలుగుకు తిప్పి చూశాను: వెంట్రుకంత సన్నని ఉక్కు కాడ, నిగనిగలాడాల్సిన చోట చుట్టూ రెండు గాడి గీతలు, జ్యువెల్ గిన్నెలో గోధుమ రంగు ముద్ద. యాంప్లిట్యూడ్ ఎక్కడికి పోయిందో నాకు కనిపించింది.

స్టెమ్, సెట్టింగ్ లివర్, యోక్, మూడో చక్రం, మెయిన్‌స్ప్రింగ్ (కీ ఇస్తే చుట్టుకునే పెద్ద స్ప్రింగు) కొత్తవి తెప్పించాను. పివట్‌ను పాలిష్ చేసి సరిపెట్టవచ్చు, చేసేవాళ్లు ఉన్నారు, తప్పు కూడా కాదు, కానీ గాడి పోయేదాకా తీస్తే పివట్ సన్నబడుతుంది. ఈ కాలిబర్‌కి భాగాలు దొరుకుతున్నప్పుడు ఆ రాజీ అక్కర్లేదనుకున్నాను. క్రౌన్, దాని ట్యూబు రెండూ కలిపి మార్చాను. మర అరిగిన ట్యూబుకు కొత్త క్రౌన్ వేస్తే ఆ అరుగుదల మళ్లీ కొత్తదానికి అంటుకుంటుంది.

క్లీనింగ్ గురించి ఎక్కువ చెప్పను. పూర్తిగా విప్పి, మెషిన్‌లో క్లీనింగ్ ద్రావణం, తర్వాత రెండు రిన్సులు, ఎండబెట్టడం. ఒక్క హెచ్చరిక మాత్రం ఇంట్లో ప్రయోగాలు చేసేవాళ్ల కోసం: ప్యాలెట్ ఫోర్కు (టిక్ టిక్ అంటూ చక్రాలను ఆపి వదిలే చిన్న లివరు) రాళ్లను షెల్లాక్ అనే లక్కతో అతికిస్తారు, అది ఆల్కహాల్‌లో కరుగుతుంది. శుభ్రం చేస్తున్నామని స్పిరిట్‌లో నానబెట్టి రాళ్లు ఊడదీసిన వాచీ ఒకటి నా దగ్గరకు వచ్చింది.

నూనె వేయడం దగ్గర మాత్రం ఆగుతాను, ఎందుకంటే ఈ పనిలో నాకు ఇష్టమైన భాగం ఇదే, వాచీ తర్వాతి ఏళ్లు ఎలా బతుకుతుందో తేలేదీ ఇక్కడే. వేగంగా తిరిగే పివట్లకు మోబియస్ 9010 లాంటి పలచనిది, బరువు మోస్తూ మెల్లగా తిరిగేవాటికి హెచ్‌పీ 1300 లాంటి చిక్కనిది, ప్యాలెట్ రాళ్లకు 9415 గ్రీజు. ప్యాలెట్ ఫోర్కు పివట్లకు అసలు నూనె వేయకూడదు, వేస్తే ఊపు తగ్గుతుంది. ఆటోమేటిక్ వాచీలో మెయిన్‌స్ప్రింగ్ నిండాక బ్యారెల్ (అది ఉండే డబ్బా) గోడ మీద జారాలి, కానీ తేలిగ్గా జారకూడదు, అందుకే గోడకు బ్రేకింగ్ గ్రీజు వేరు. రివర్సర్ చక్రాలను వీ105 ద్రావణంలో ముంచి తీసి ఆరబెడితే పలచటి పొర మిగులుతుంది, అంతే చాలు. నూనె వేసే పుల్ల కొన మీద బొట్టు ఎంతుంటుందంటే, జ్యువెల్ గిన్నెలో పివట్ చుట్టూ సన్నని ఉంగరంలా నిలబడాలి, అంచు దాటకూడదు. ఎక్కువైతే మేలే కదా అనిపిస్తుంది కానీ, అంచు దాటిన బొట్టు ప్లేటు మీదికి పాకిపోతుంది, పాకేటప్పుడు పివట్ దగ్గరున్న నూనెను కూడా లాక్కుపోతుంది. ఎక్కువ వేసిన చోటే ముందు ఎండిపోతుంది.

బిగించాక కొత్త రింగులన్నిటికీ సిలికాన్ గ్రీజు పలచగా పట్టించి, ముందు డ్రై టెస్ట్, అది పాసయ్యాకే నీళ్ల టెస్ట్. వరస తిప్పకూడదు, కారే వాచీని నేరుగా నీళ్లలో పెట్టి పరీక్షిస్తే పరీక్షే దాన్ని ముంచుతుంది. నీళ్ల టెస్టులో వాచీని నీటిపైన గాలిలో ఉంచి 10 బార్ దాకా ఒత్తిడి పెంచి, కాసేపాగి, నీళ్లలోకి దించి, మెల్లగా ఒత్తిడి వదులుతాం. సందు ఉంటే బుడగలు వరసగా బయలుదేరతాయి. ఒక్క బుడగ చెయిన్ లింకుల మధ్యనుంచి లేచి నన్ను భయపెట్టింది, తర్వాత ఏమీ లేదు. నిజానికి చెయిన్ ముందే తీసి ఉండాల్సింది.

కొత్త అంకెలు: డయల్ పైకి 301 డిగ్రీలు, +4. క్రౌన్ కిందికి 266, +1. ఐదు పొజిషన్లలో గరిష్ఠానికీ కనిష్ఠానికీ మధ్య 6 సెకన్లు. 24 గంటలు వదిలేసి చూస్తే డయల్ పైకి 268. పోల్చుకోవడానికి చెబుతున్నాను, సీఓఎస్‌సీ (స్విస్ క్రోనోమీటర్ పరీక్ష సంస్థ) ఇచ్చే క్రోనోమీటర్ సర్టిఫికెట్‌కు సగటు రేటు రోజుకు −4 నుంచి +6 మధ్య ఉండాలి. ఈ వాచీకి ఆ సర్టిఫికెట్ లేదు, అయినా ఆ గీతలోపలే నిలబడింది.

ఆయన పాలిష్ కూడా అడిగారు, కొత్తదానిలా మెరవాలని. నేను వద్దన్నాను. కేసు కొమ్ముల మీద పై భాగం బ్రష్ ఫినిష్, పక్కలు మెరుపు, రెండూ కలిసే చోట కత్తి అంచులాంటి గీత ఉంది, 11 ఏళ్లకు కూడా పదునుగానే ఉంది. బఫ్ చక్రం మీద పెడితే ముందు పోయేది ఆ గీతే. పాలిష్ అంటే లోహం తీసేయడం, తీసింది మళ్లీ పెట్టలేం. గీతలు ఆయన తిరిగిన 11 ఏళ్లవి, ఉండనివ్వమన్నాను. చెయిన్‌ను మాత్రం అల్ట్రాసోనిక్‌లో కడిగి, స్ప్రింగ్ బార్లు కొత్తవి వేశాను.

ఇచ్చేటప్పుడు ఎదురుగా కూర్చోబెట్టి క్రౌన్ బిగించడం చేయించాను. లోపలికి నొక్కి, మొదట వెనక్కి తిప్పాలి, మర మొదలు చిన్నగా టక్కుమని దిగినట్టు వేలికి తెలుస్తుంది, అప్పుడు ముందుకు తిప్పాలి, బిగుతు తగలగానే ఆపాలి, బలం పెట్టకూడదు. మూడోసారికి ఆయనకు వచ్చేసింది. రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 3 దాకా డేట్ చేత్తో మార్చవద్దన్నాను, ఆ టైమ్‌లో డేట్ చక్రం పళ్లు పట్టులో ఉంటాయి. స్నానానికి తీసేయాలి. ఈతకు వెళ్తే పరవాలేదు, సముద్రపు నీళ్లయితే తర్వాత క్రౌన్ బిగించే ఉంచి మంచినీళ్లతో కడగాలి. ఏడాదికోసారి ప్రెజర్ టెస్ట్. మళ్లీ ఎప్పుడైనా అద్దం కింద మబ్బు కనిపిస్తే ఎండలో పెట్టడం, బియ్యంలో పెట్టడం, హెయిర్ డ్రయ్యర్ పట్టడం, ఇవేవీ చేయకుండా అదే రోజు తీసుకురావాలి. ఉప్పునీళ్లయితే రేపటిదాకా కూడా ఆగకూడదు.

తెగిన రింగును చిన్న కవర్‌లో వేసి, మార్చిన భాగాలతో పాటు ఆయనకే ఇచ్చాను. మార్చిన ప్రతి భాగమూ ఓనర్‌కు చూపించాలని నా పట్టుదల.

ఒక్కటి మాత్రం నేను బాగుచేయలేకపోయాను. డయల్ మీద మూడు గంటల గుర్తు పక్కన, అంచుకు ఆనుకుని, ఆవగింజలో సగం అంత మరక. లోపలికి వచ్చిన తేమ అక్కడ లక్క పొరను ఉబ్బించింది. దాన్ని ముట్టుకుంటే పక్కన రంగు కూడా లేస్తుంది, కొత్త డయల్ వేస్తే అది ఆయన వాచీలా ఉండదు. ఫొటో తీసి, తేదీ వేసి కేసు కాగితాలకు జతచేశాను. ఏడాది తిరిగాక ఆయన ప్రెజర్ టెస్టుకు వచ్చారు. టెస్ట్ పాస్, డయల్ పైకి +5, 293 డిగ్రీలు. పాత ఫొటో పక్కన పెట్టి లెన్స్‌తో పోల్చి చూశాను, మరక అప్పటంతే ఉంది.